బొమ్మలతో కథ చెప్పువాని జీవనము

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము జరిగిన దినమున, పటాన్‌చెరువులోని యొక కర్మాగారమున పనిచేయు తండ్రి యొకరు తమ కుమార్తె లెక్కల నోటుపుస్తకమును మా ముందుంచిరి. ముందు పుటలలో లెక్కలు సరిగానే యుండెను. పుస్తకమును త్రిప్పి వెనుకనుండి తెరచి చూడగా ఏడు పుటలు బొమ్మలతో నిండియుండెను. ఆయన కోపముతో రాలేదు, చింతతో వచ్చిరి. "చదువు మంచిగనే చదువుతది సారూ. కని ఈ బొమ్మలు గీస్తే బువ్వ దొరుకుతదా?" అని యడిగిరి. మేమానాడు ఏదో మర్యాదవాక్యము పలికి వారిని పంపివేసితిమి. పంపిన పిమ్మట ఆ సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. ఉత్తరము తెలియకయే తెలిసినట్లు మాటలాడితిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా నిచ్చుచున్న యుత్తరము.

మొదట ఈ విద్య యెట్టిదో తెలిసికొందము. దీనిని ఆంగ్లభాషనుండి వచ్చిన పేరుతో కామిక్సు అందురు. తెలుగున బొమ్మలకథ యనవచ్చును. కథకు వేసిన బొమ్మ వేరు, బొమ్మలకథ వేరు. కథకు వేసిన బొమ్మను తొలగించినను కథ నిలుచును. బొమ్మలకథలో బొమ్మను తొలగించినచో కథయే పోవును. పుటను గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క క్షణమును నిలిపి, పాత్రల మాటలను వారి నోటియొద్ద బుడగవలె గీసిన గీతలోపల వ్రాయుట దీని పద్ధతి. అయితే ఈ విద్యయొక్క అసలు రహస్యము గళ్ళలో లేదు; గడికిని గడికిని నడుమ విడిచిన తెల్లని సందులో నున్నది.

ఆ బాలిక గీసిన బొమ్మలనే యుదాహరణముగా తీసికొందము. మొదటి గడిలో తండ్రి టిఫినుడబ్బా పట్టుకొని తెల్లాపూరు దారిలో కంపెనీ బస్సు కొరకు నిలుచుండెను, ఆకాశమున చంద్రుడున్నాడు. రెండవ గడిలో ఇంటియందు పిల్లలు ముగ్గురు దుప్పట్లు కప్పుకొని నిద్రించుచున్నారు. నాలుగవ దుప్పటి మడత విప్పకయే యున్నది. రాత్రి డ్యూటీ యను మాట ఎక్కడను వ్రాయబడలేదు. ఆ రెండు గళ్ళ నడుమనే యొక రాత్రి గడచిపోయినది. దానిని పూరించినది చదువరి మనస్సు. ఏమి గీయవలెనో తెలిసినవాడు చిత్రకారుడు. ఏమి గీయక విడువవలెనో కూడ తెలిసినవాడు బొమ్మలకథకుడు.

ఈ పని చూచుటకు ఆటవలె కనబడినను శ్రమ మిక్కిలి. కథను గళ్ళవారీగా వ్రాసికొనవలెను. పుట యంతయు నెట్లుండునో చిన్న కాగితముపై ముతకగా గీసి చూచుకొనవలెను. తరువాత పెన్సిలుతో సరియైన కొలతకు గీసి, దానిని నల్లసిరాతో దిద్ది, అక్షరములు వ్రాసి, రంగులు వేయవలెను. పెద్ద సంస్థలయందు ఈ పనులను నలుగురైదుగురు పంచుకొందురు. స్వతంత్రుడైనవాడు అన్నింటిని తానే చేసికొనును. ఆపైన అచ్చువేయించుట, అమ్ముట కూడ అతని పనియే. చదువరి రెండు నిమిషములలో త్రిప్పివేయు పుటకై అతడు దినములతరబడి వంగి కూర్చుండవలసి యుండును.

బొమ్మలతో కథ చెప్పుట మన దేశమునకు క్రొత్త కాదు. నేడు సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాలయందు నకాషీ చిత్రకారులు తరతరములుగా పటములు వ్రాయుచున్నారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపి పూతపెట్టి, ఎండబెట్టి, ఎఱ్ఱని భూమికపై బొమ్మలు వ్రాయుదురు. పొడవైన బట్టపై అడ్డముగా పట్టీలు తీర్చి, ఒక్కొక్క పట్టీలో కథలోని యొక్కొక్క ఘట్టమును నిలుపుదురు. కథ చెప్పువారు ఆ పటమును ఊరి నడుమ వ్రేలాడదీసి, చుట్టను కొంచెము కొంచెముగా విప్పుచు పాడుదురు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, యాదవులకు కాటమరాజు కథ - ఈ రీతిగా ఏ కులమువారి కథకు ఆ పటము వేరుగా నుండును. ఇది గళ్ళు కట్టిన బొమ్మలకథయే కదా!

అయితే ఒక్క భేదము గమనింపవలెను. ఆ పటమును వ్రాయించువారు కథ చెప్పువారు. ఏ కథ వ్రాయవలెనో వారే నిర్ణయింతురు. చిత్రకారుని నేర్పు గొప్పదైనను కథ అతనిది కాదు. పటము పాతబడినప్పుడు క్రొత్త పటమునకై వారు మరల వత్తురు. దానివలన అతనికి జీవనము జరుగును. ఇందులో అన్నమునకు కొంత నిశ్చయము కలదు, కథ నెన్నుకొను స్వేచ్ఛ లేదు. స్వతంత్రుడైన బొమ్మలకథకుని స్థితి దీనికి తలక్రిందులు. అతనికి స్వేచ్ఛ కలదు. అన్నమునకు నిశ్చయము లేదు. ఈ చిక్కును పూర్వులు ఎట్లు విప్పుకొనిరో ముగ్గురి జీవితములనుండి చూతము.

మొదటివాడు మనవంటి బడిపంతులే. స్విట్జర్లాండు దేశమునందలి జెనీవా నగరమున 1799లో జన్మించిన రొడాల్ఫ్ తోఫర్ అను నాతడు చిత్రకారుని కుమారుడు. తానును తండ్రివలె చిత్రకారుడు కాగోరెను గాని, కంటిజబ్బు వలన ఆ యాశ విడువవలసివచ్చెను. అప్పుడు ఉపాధ్యాయుడై, బాలురకొరకు వసతి పాఠశాల నొకదానిని నెలకొల్పెను. సాయంకాలములయందు శిష్యుల వినోదమునకై బొమ్మలతో హాస్యకథలు గీయసాగెను. 1827లో మొదటి కథను గీసెను. వానిని అచ్చువేయుటకు ఆతడు చాలకాలము జంకెను. పంతులకు ఇవి తగునా యని లోకము నవ్వునేమో యని భయము. జర్మనీ దేశపు మహాకవి గోథే వృద్ధాప్యమున ఆ వ్రాతప్రతులను చూచి మెచ్చుకొనిన పిమ్మట గాని ఆతనికి ధైర్యము కలుగలేదు. 1830 దశకమున ఆతని పుస్తకములు వెలువడెను.

ప్రత్యేకమైన సిరాతో కాగితముపై గీసి, దానిని రాతిపలకపైకి దింపి అచ్చువేయు పద్ధతిని ఆతడవలంబించెను. అందుచే చెక్కువాని చేయి నడుమ రాకుండ ఆతని గీత ఆతని గీతగానే పుటపై నిలిచెను. కాని ఆ పుస్తకములకు పేరు రాగానే పారిస్‌లో ఒక ప్రచురణకర్త వానిని అనుమతి లేకుండ అచ్చువేసెను. 1842లో అమెరికాలోని న్యూయార్కున వెలువడిన ప్రతియు అట్టిదే. ఆతనికి బడి జీతము, ఆచార్య పదవి యున్నందున ఆకలి బాధ కలుగలేదు. 1846లో మరణించిన ఆ పంతులును నేడు చాలమంది చరిత్రకారులు ఆధునిక బొమ్మలకథకు మూలపురుషుడందురు. ఆతడు విప్పిన విధమిది: అన్నము నొక పనియందు, స్వేచ్ఛను వేరొక పనియందు ఉంచుకొనుట.

రెండవవాడు మన తెలుగువాడు. తలిశెట్టి రామారావుగారు 1906లో జన్మించిరి. న్యాయవాద విద్య నభ్యసించి, ఆ వృత్తిలో నుండియే "భారతి" పత్రికలో వ్యంగ్యచిత్రములు వేసిరి. తెలుగున వ్యంగ్యచిత్రమునకు ఆద్యులని వారిని గౌరవించి, వారి జన్మదినమైన మే 20వ తేదీని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఒక్క బొమ్మలో ఒక్క కథ యిమిడ్చి, పెద్దమనుష్యుల ఢాంబికమును, ఇంటింటి వింతలను నవ్వుతో చూపుట వారి మార్గము. వారును తోఫర్ పంతులువలెనే అన్నమును వేరొక వృత్తియందుంచుకొనిరి. 1947లో వారు గతించిరి. తెలుగున బొమ్మయే వృత్తిగా జీవింపవచ్చునని పెద్దయెత్తున చూపు పని తరువాతి తరమువారికి మిగిలెను.

ఆ తరమున మిక్కిలి పేరుగాంచినవారు బాపుగారు. వారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురమున 1933 డిసెంబరు 15వ తేదీన జన్మించిరి. మద్రాసున చదువుకొనిరి. బాల్యముననే ముళ్ళపూడి వెంకటరమణగారితో స్నేహము కుదిరెను. ఒకరు మాట, ఒకరు గీత. ఆ స్నేహము రమణగారు 2011లో మరణించువరకు, అరువది యేండ్లకు పైగా నిలిచెను. బాపుగారి తండ్రిగారు న్యాయవాది. కుమారుడును 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొనెను. ఇచ్చట దారి రెండు చీలినది. రామారావుగారు పట్టమును అన్నమునకు, గీతను ఆనందమునకు ఉంచుకొనిరి. బాపుగారు ఆ సంవత్సరముననే "ఆంధ్రపత్రిక"లో వ్యంగ్యచిత్రకారులుగా చేరి, పట్టమును పెట్టెలో నుంచిరి.

ఈ భాగమును విద్యార్థులు తొందరపడి చదువరాదు. బాపుగారు చదువును మాని బొమ్మలు పట్టుకొనలేదు. చదువు ముగించి పట్టుకొనిరి. స్వతంత్రులుగా మొదలిడలేదు, పత్రిక కొలువులో మొదలిడిరి. అచ్చట నేర్చినది వేళకు పని ముగించుట. పత్రిక అచ్చునకు పోవు గడియ చిత్రకారుని మనస్సు కుదురుటకై ఆగదు. ఆ కాలమున గీతబొమ్మను జింకు రేకుపైకి దింపి, ఆమ్లముతో కొరికించి బ్లాకు చేసి, ముతక కాగితముపై అచ్చువేయుచుండిరి. మిక్కిలి సన్నని గీతలు అందు చెదరిపోవును. దట్టముగా చేరిన గీతలు ఒకదానితో నొకటి కలిసి మసియగును. కావున తక్కువ గీతలతో ఎక్కువ చెప్పుట ఆ పనియే నేర్పునది. కనుబొమ విరుపు, జడ ఊపు, నడుము వంపు - మూడు నాలుగు గీతలలో మనిషి నిలుచును. అందమైన తెలుగు పిల్లను చూచి "బాపు బొమ్మ" యనుట నేడు నుడికారమైపోయినది.

రమణగారి "బుడుగు" చిన్నపిల్లవాని నోట పెద్దల లోకమును చెప్పిన రచన. దానికి బాపుగారు గీసిన పిల్లవాడు లేనిదే ఆ మాటలను మనము ఊహింపజాలము. పిదప బాపుగారు ప్రకటనల సంస్థలకు పనిచేసిరి. పుస్తకములకు ముఖచిత్రములు వేసిరి. కథలకు, నవలలకు, పురాణములకు లెక్కకు మిక్కిలిగా బొమ్మలు గీసిరి. చేతివ్రాతయు వారి బొమ్మలలో నొక భాగమే. ఆ వ్రాతను అనుసరించి కంప్యూటరు అక్షరములు కూడ తయారైనవి. 1967లో "సాక్షి"తో చలనచిత్ర దర్శకులైరి. అప్పుడును కాగితమును విడువలేదు. చిత్రమునందలి దృశ్యములను ముందుగా గళ్ళలో గీసికొని, ఆ గళ్ళను బట్టి కెమెరా నిలుపుట వారి పద్ధతి. అనగా వారి చలనచిత్రము మొదట బొమ్మలకథగా పుట్టినదన్నమాట. 2013లో పద్మశ్రీ బిరుదము నందిరి. 2014 ఆగస్టు 31వ తేదీన చెన్నపట్టణమున మరణించిరి.

వారి జీవితమునుండి స్వాతంత్ర్యము అను మాటకు సరియైన యర్థము తెలియుచున్నది. స్వాతంత్ర్యమనగా ఇతరుల పని చేయకుండుట కాదు. సబ్బు ప్రకటనయైనను, నవల అట్టయైనను, రామాయణమైనను, ఆ గీత బాపుగారిదని చిన్నపిల్లవాడు కూడ గుర్తించును. పని ఇతరులది, గీత తనది. రెండవది, స్వాతంత్ర్యమనగా ఒంటరితనము కాదు. మాట వ్రాయు మిత్రుడు తోడుండుటచే వారి గీత బలపడినదే గాని తగ్గలేదు. మూడవది, ఒక్క మూలమునుండియే అన్నము రావలెనని వారు కూర్చుండలేదు. పత్రిక, ప్రకటన, పుస్తకము, చలనచిత్రము - నాలుగు బావులు త్రవ్వుకొనినవానికి ఒక్కటి ఎండినను దాహము తీరును.

ఇక దీని కష్టములను దాచుట ధర్మము కాదు. నెలజీతమువలె మొదటి తేదీన వచ్చునది ఇందులో లేదు. పుట కింత, బొమ్మ కింత యని ఒప్పందము. పని యిచ్చినవారు డబ్బు నిచ్చుట ఆలస్యము చేయవచ్చును. సెలవు జీతము, వృద్ధాప్యపు పింఛను లేవు. మెడ, నడుము, కన్ను, మణికట్టు - ఇవియే పనిముట్లు. ఇవి చెడినచో పని నిలుచును. తోఫర్ పంతులుకు జరిగినట్లు మరియొకరు దొంగతనముగా అచ్చువేసికొను భయము నేటికిని పోలేదు; చేతిఫోనులు వచ్చిన పిమ్మట అది మఱింత పెరిగినది.

అయితే నేడు చిత్రకారునికి చట్టమొకటి తోడున్నది. మన దేశపు 1957 సంవత్సరపు కాపీహక్కుల చట్టము ప్రకారము బొమ్మ గీసినవాడే సామాన్యముగా దాని మొదటి హక్కుదారు. ఆ హక్కు అతని జీవితకాలమును, మరణానంతరము అరువది సంవత్సరములును నిలుచును. దీనికై ఏ కచేరిలోను నమోదు చేయనక్కరలేదు. గీసిన క్షణముననే హక్కు పుట్టును. జీతమునకు కుదిరి చేసిన పనియందు, వేరు ఒప్పందము లేనిచో, హక్కు యజమానిది. పత్రికలో కొలువున్నవాని విషయమున చట్టము కొంత యుదారముగా నున్నది: పత్రికలలో ప్రచురించు హక్కు యజమానికి, తక్కిన హక్కులు గీసినవానికి. కావున బొమ్మ నిచ్చునప్పుడు ఏ హక్కు ఇచ్చుచున్నామో, ఎంతకాలమునకో కాగితముపై వ్రాయించుకొనుట గీత నేర్చినంత ముఖ్యము. చేవ్రాలు చేయుటకు ముందు చదువుట రానివానికి కుంచె అన్నము పెట్టదు. ఆ బాలిక పుస్తకమున ముందు లెక్కలు, వెనుక బొమ్మలు నుండుట మాకు మొదట వింతగా తోచినది. ఇప్పుడు చూడగా ఆ రెండును ఒక్క పుస్తకమున నుండవలసినవియే.

మన సమీపముననే, మన కాలముననే ఈ పని జరుగుచున్నది. బాపుగారు గతించిన 2014వ సంవత్సరముననే జై ఉండుర్తిగారు రచించి, హర్షో మోహన్ చట్టోరాజ్‌గారు చిత్రించిన "హైదరాబాదు" అను బొమ్మలనవల వెలువడినది. మన తెల్లాపూరునుండి బస్సులో పోయి రాదగిన నగరము పుస్తకములో గళ్ళుగా మారినది. నగరము కథ కాగలిగినచో పటాన్‌చెరువు దారి ఏల కారాదు? సైరను మ్రోత, షిఫ్టు మారువేళ గేటు ముందు నిలిచిన జనము, టీకొట్టు పొగ, పొలములు పోయి లేచుచున్న ఎత్తయిన మేడలు - వీనిని చూచినవారు మన పిల్లలు. చూచినవారే గీయవలెను.

కావున ఆ తండ్రిగారికి మా యుత్తరమిది. అయ్యా, బువ్వ దొరుకును. కాని త్వరగా దొరకదు, ఒక్కచోట దొరకదు. ముందు చదువు పూర్తిచేయింపుడు. ఏదో యొక పనిని అన్నమునకు నేర్పింపుడు. బొమ్మలను మాత్రము మాన్పింపకుడు. మీ యమ్మాయికి మేము చెప్పునదియు మూడు మాటలే: దినమునకొక్క బొమ్మ చూచి గీయుము, ప్రతి బొమ్మ క్రింద పేరును తేదీని వ్రాయుము, మొదలిడిన కథను ముగింపుము. నడుమ విడిచిన నూరు కథలకంటె ముగించిన యేడు పుటలు మేలు.

మా లోపమొకటి యొప్పుకొనవలసియున్నది. ఆనాడు మేమును ఆ తండ్రిగారును బొమ్మలు గీయుట మంచిదా చెడ్డదా యని మాటలాడితిమే గాని, ఆ కథను కలిసి చదువలేదు. పుస్తకము తిరిగి యిచ్చుటకు ముందు మేము కడపటి పుట చూచితిమి. ఆయన చూచిరో లేదో తెలియదు. అందు తెల్లవారినది. తండ్రి ఇంటిలోనికి వచ్చుచున్నాడు, పిల్లలు బడి సంచులతో బయటికి పోవుచున్నారు. గుమ్మమునొద్ద ఆ ఖాళీ టిఫినుడబ్బా ఒక చేతినుండి మరియొక చేతికి మారుచున్నది. మాటల బుడగ గీసి, లోపల ఏమియు వ్రాయలేదు. అయ్యా, ఈ సంచిక మీ యింటికి చేరిన దినమున, రాత్రి డ్యూటీకి పోవుటకు ముందు, ఆ యేడు పుటలను మీ యమ్మాయి ప్రక్కన కూర్చుండి చదువుడు. ఆ బుడగలో ఏమి వ్రాయవలెనో ఆమె మిమ్మునడుగును.